విశాఖ ఉక్కపోతలో సెంటు, సబ్బు పరీక్షించి కొనడం: మగవాళ్ల కోసం అంచెలంచెలుగా

“షాపులో అదిరిపోయింది. ఇంటికొచ్చేసరికి తలనొప్పి.” “రెండు వేలు పెట్టి కొన్నాను, మద్దిలపాలెం దాటేలోపే వాసన పోయింది.” ఈ రెండు మాటలూ నాకు వారానికోసారైనా వినిపిస్తాయి. రెంటికీ మూలం ఒక్కటే. సెంటును ఏసీలో వాసన చూసి కొంటున్నాం, వాడేదేమో ఉక్కపోతలో.

వేడికి సెంటు త్వరగా ఆవిరవుతుంది. అంటే మొదట గుప్పుమంటుంది, తర్వాత తొందరగా చప్పబడుతుంది. దానికి తోడు మన ఊళ్లో గాలి తడిగా ఉంటుంది కాబట్టి చెమట ఆరదు. ఒంటి మీద ఉన్న సెంటు ఆ చెమటతోనే కాపురం చేయాలి. చల్లటి షాపులో పొడి చేతి మీద ఇదేమీ తెలియదు.

అందుకే ఈ పద్ధతిలో సగం పని షాపు బయటే జరుగుతుంది. మొత్తానికి వారం, పది రోజులు పడుతుంది. ఈ సాయంత్రం పెళ్లికి వెళ్లడానికి ఇప్పుడే సీసా కావాలంటే మాత్రం ఇది పనికిరాదు. అన్నయ్యదో బావదో ఓ చుక్క అడిగి పూసుకోండి.

1. ముందు సబ్బు సంగతి తేల్చండి

చాలామంది సెంటు కొన్నాక సబ్బు గురించి ఆలోచిస్తారు. అది తలకిందుల పని. సబ్బు ఒంటిని పొడిబారేలా చేస్తే దాని మీద ఏ సెంటూ నిలవదు. సబ్బు వాసనే ఘాటుగా ఉంటే సెంటు దానితో గొడవ పడుతుంది.

సబ్బు అట్ట వెనక చిన్న అక్షరాల్లో ‘టాయిలెట్ సోప్’ అనో ‘బాతింగ్ బార్’ అనో ఉంటుంది, పక్కనే టీఎఫ్ఎం శాతం ఉంటుంది. సబ్బులో కొవ్వు పదార్థం పాలు ఎంతో చెప్పే అంకె అది. సరుకుల నాణ్యతకి కొలతలు పెట్టే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ లెక్క ప్రకారం గ్రేడ్ 1 టాయిలెట్ సోప్‌లో కనీసం 76, గ్రేడ్ 2లో 70, గ్రేడ్ 3లో 60 శాతం ఉండాలి. బాతింగ్ బార్‌కి 40 చాలు. టీఎఫ్ఎం ఎక్కువైనంత మాత్రాన వాసన బాగుంటుందని కాదు. స్నానం తర్వాత ఒళ్లు తెల్లగా గీతలు పడుతుంటే మాత్రం ముందు చూడాల్సింది ఆ అంకెనే.

ఇక నీళ్లు. బోరు నీళ్లు వాడే అపార్ట్‌మెంట్లలో సబ్బు సరిగ్గా నురగ రాకపోవడం మీకు తెలిసే ఉంటుంది. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెట్టులా మారతాయి. బకెట్ అంచున పేరుకునే తెల్లటి జిడ్డు అదే. అది ఒంటి మీదా మిగులుతుంది. మీది బోరు నీళ్లయితే సబ్బుతో పాటు ఒక షవర్ జెల్ కూడా పరీక్షించండి. చాలా జెల్స్‌లో నురగనిచ్చే పదార్థాలు వేరు కాబట్టి వాటికి ఆ తెట్టు బెడద అంతగా ఉండదు. కుళాయి నీళ్లు వచ్చే ఇంట్లో ఈ తేడా పెద్దగా కనబడకపోవచ్చు.

సబ్బుని పరీక్షించే తీరు ఇది:

- చిన్న సైజు బిళ్ల కొనండి, జెల్ అయితే సాషే. ‘నాలుగు కొంటే ఒకటి ఫ్రీ’ జోలికి ఇప్పుడే పోవద్దు.
- మూడుసార్లు వాసన చూడండి: అట్ట విప్పగానే, నురగలో, స్నానం చేసిన గంట తర్వాత మోచేతి మడత దగ్గర.
- ఒక్కో సబ్బు వరసగా మూడు రోజులు వాడండి. రోజుకొకటి మారిస్తే ఏది ఏమిటో తేలదు.
- దురద, మంట, ఎర్రటి మచ్చలు వస్తే అక్కడితో ఆపేయండి.

మూడో వాసనే లెక్క. అట్ట విప్పగానే ఇల్లంతా ఘుమఘుమలాడిన సబ్బు గంట తర్వాత ఏమీ మిగల్చకపోతే అది తప్పు కాదు, సెంటు వాడేవాడికి అది వరం. సెంటు అసలే వాడనివాళ్లు మాత్రం సబ్బు వాసన నిలిచేది ఎంచుకోవాలి.

గంధం సబ్బు అని రాసి ఉన్న ప్రతిదాంట్లో గంధం నూనె ఉండదు. పోల్చి చూడాలంటే ఇంట్లో గంధపు చెక్కని సాన మీద నాలుగుసార్లు అరగదీసి వాసన చూడండి. అక్షయ తృతీయకి సింహాచలం అప్పన్న నిజరూపం చూసి చందన ప్రసాదం తెచ్చుకునే ఊరు మనది, ఇంట్లో కాస్త చందనం ఎక్కడో ఒకచోట ఉంటుంది. అసలు గంధం మెత్తగా, కాస్త పాల మీగడలా ఉంటుంది, ముక్కుని పొడవదు. అలాగే వట్టివేరు నీళ్లలో నానబెట్టి ఒకసారి, సింహాచలం సంపెంగ దొరికినప్పుడు ఒకసారి వాసన చూసి గుర్తుపెట్టుకోండి. రేపు షాపులో అబ్బాయి “ఇది వెటివర్ సార్” అన్నప్పుడు మీ దగ్గర కొలబద్ద ఉంటుంది.

2. బయల్దేరే ముందు

షాపుకి వెళ్లే రోజు ముక్కూ ఒళ్లూ రెండూ ఖాళీగా ఉండాలి.

- ఆ రోజు వాసన లేని సబ్బు, లేదా మీరు ఖాయం చేసుకున్న తేలికపాటి సబ్బు మాత్రమే.
- డియో, పౌడరు, ఆఫ్టర్‌షేవ్, మల్లెపూల వాసన తలనూనె బంద్.
- కంఫర్ట్ లాంటి ద్రవంలో ముంచి ఆరేసిన చొక్కా వద్దు. పాతదే నయం.
- జలుబుంటే వాయిదా వేయండి.
- సిగరెట్, కిళ్లీ, చేపల పులుసు ఆ పూటకి ఆపండి.
- జేబులో పెన్ను, నాలుగైదు చిన్న జిప్ కవర్లు.

వేళ కూడా ముఖ్యం. షాపులు తెరిచిన కాసేపటికే, వారం మధ్యలో వెళ్లండి. ఆదివారం సాయంత్రం మాల్‌లో పదిమంది పది రకాలు కొట్టి ఉంటారు. ఆ గాలిలో వాసన తేల్చుకోవడం జగదాంబ సెంటర్లో నిలబడి వీణ వినడం లాంటిది.

ఇంకో మాట. ముందే అవసరం రాసుకోండి: ఆఫీసుకా, కాలేజీకా, పెళ్లిళ్లకా. రుషికొండ వైపు ఏసీ ఆఫీసులో కూర్చునేవాడికీ, గాజువాక నుంచి బండి మీద ఊరంతా తిరిగే మెడికల్ రెప్‌కీ ఒకే సీసా కుదరదు.

3. షాపులో: ముందు కాగితం మీద

మీరు లోపలికి అడుగు పెట్టగానే సేల్స్ అబ్బాయి చేతి మీద కొట్టబోతాడు. “చేతి మీద వద్దు తమ్ముడూ, కాగితం ఇవ్వు” అని నవ్వుతూ చెప్పండి. ఇది మొహమాటపడే చోటు కాదు. రెండు చేతులూ మొదటి నిమిషంలోనే పాడైతే ఆ రోజు పని అయిపోయినట్టే.

1. ఐదారు రకాలకి మించి తీసుకోకండి. ఆ తర్వాత ముక్కు మొద్దుబారుతుంది.
2. ప్రతి కాగితం చివర పేరు రాయండి. గుర్తుంటుందనుకుంటాం, ఉండదు.
3. జానెడు దూరం నుంచి ఒక్కసారి కొట్టించండి.
4. నిమిషం ఆగండి. మొదట వచ్చేది ఆల్కహాల్ ఘాటు, సెంటు కాదు.
5. కాగితాన్ని ముక్కుకి ఆనించకుండా, రెండు వేళ్ల దూరంలో ఆడించండి.
6. బాగుంది, బాగోలేదు, తర్వాత చూద్దాం. ఈ మూడే రాయండి.

మధ్యలో కాఫీ గింజల డబ్బా ముందుకు తోస్తారు. దానికి ప్రత్యేకమైన మహిమ ఏమీ లేదు, అదీ ఒక వాసనే. తలుపు బయటికెళ్లి రెండు నిమిషాలు మామూలు గాలి పీల్చండి, లేదా మీ మోచేతి మడతనే వాసన చూసుకోండి. ముక్కుకి బాగా అలవాటైన వాసన అది.

సీసా మీద ఉండే పేర్ల గురించి క్లుప్తంగా. ఓ ద కొలోన్‌లో సుగంధ తైలం సుమారు 2 నుంచి 5 శాతం, ఓ ద టాయిలెట్‌లో 5 నుంచి 15, ఓ ద పర్ఫ్యూమ్‌లో 15 నుంచి 20 శాతం దాకా ఉంటుంది. కంపెనీని బట్టి ఇవి అటూఇటూ అవుతాయి. అత్తరులో సాధారణంగా ఆల్కహాల్ ఉండదు, నూనె. అందుకే అది గుప్పుమనకుండా ఒంటికి దగ్గరగా ఉంటుంది.

ఎక్కువ శాతం ఉన్నదే మంచిదనుకోవడం మన దగ్గర దెబ్బతీస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో పగలు వాడడానికి నిమ్మ, నారింజ తొక్క, వట్టివేరు, సముద్రపు గాలి తరహా తేలిక వాసనలున్న ఓ ద టాయిలెట్ చాలు. వెనిల్లా, ఊద్ (అగరు చెక్క వాసన), దాల్చినచెక్క లాంటి బరువైనవి డిసెంబర్ రాత్రులకీ, ఏసీ ఫంక్షన్ హాళ్లకీ ఉంచుకోండి. ఓ జూన్ మధ్యాహ్నం నేను ఊద్ పూసుకుని కిక్కిరిసిన బస్సెక్కితే పక్కన నిలబడ్డ స్నేహితుడు, “ఏటిరా, డ్రైవర్ దగ్గర అగరబత్తి కట్టంతా ఒకేపాలి ఎలిగించినారా?” అన్నాడు. తర్వాతి స్టాపులో దిగిపోయాను.

4. ఒంటి మీద రెండే రెండు

కాగితాల్లో గెలిచిన రెండింటినే ఒంటి మీద పెట్టండి. ఒకటి ఎడమ మణికట్టు, రెండోది కుడి మోచేతి మడత. ఎంత దూరంగా ఉంటే అంత మంచిది. ఒక్కో స్ప్రే చాలు.

మణికట్లు రెండూ కలిపి రుద్దకండి. సినిమాల్లో హీరో చేస్తాడు కానీ, రుద్దితే తడి పల్చగా పరుచుకుని పైవాసన తొందరగా ఎగిరిపోతుంది. దానంతట దాన్ని ఆరనివ్వండి.

ఇప్పుడు షాపు అబ్బాయి “ఆఫర్ ఈ రోజు వరకే సార్” అంటాడు. అననివ్వండి. మిగతా కాగితాలు దేనికది జిప్ కవర్లో వేసుకుని బయటికి వచ్చేయండి. ఆ రోజు కొనొద్దు. ఈ మార్గదర్శిలో ఒక్క మాటే పాటిస్తానంటే ఈ మాట పాటించండి.

5. అసలు పరీక్ష: ఎండలో, చెమటలో

సెంటు మూడు మెట్లుగా విప్పుకుంటుంది. మొదటి పావుగంట పైవాసన. నిమ్మజాతివి, పుదీనా లాంటివి ఇక్కడే వచ్చి పోతాయి. అరగంట నుంచి మూడు నాలుగు గంటల దాకా నడిమి వాసన. ఆ తర్వాత మిగిలేది అడుగు వాసన: చెక్క, కస్తూరి, సాంబ్రాణి తరహావి. షాపులో మనం డబ్బులిచ్చేది మొదటి పావుగంటకి. మనతో రోజంతా ఉండేది మిగతా రెండూ.

కాబట్టి ఆ రోజు మామూలుగానే గడపండి. బండి మీద వెళ్లండి, బీచ్ రోడ్డులో ఓ అరగంట నడవండి, చెమట పట్టనివ్వండి. ఆర్కే బీచ్‌లో ఉప్పుగాలికి వాసన చెదిరిపోతుంది, అక్కడే తీర్పు ఇవ్వకండి. నడిచాక నీడన కూర్చుని చూడండి. మురీ మిక్చర్ బండికి కాస్త ఎడంగా కూర్చోండి, ఉల్లిపాయ ముందు ఏ ఫ్రెంచి సెంటూ నిలబడదు.

నాలుగుసార్లు రాసుకోండి:

- పది నిమిషాలకి: ఘాటు తగ్గిందా?
- గంటకి, చెమట పట్టాక: పుల్లగా గానీ, మందుల షాపులా గానీ మారిందా?
- నాలుగు గంటలకి: చెయ్యి ముక్కు దగ్గరికి తెస్తే తెలుస్తోందా?
- ఎనిమిది గంటలకి: మిగిలింది మీకు నచ్చే వాసనేనా?

గంట దగ్గర రాసేదే విశాఖలో కీలకం. చాలా తియ్యటి సెంట్లు ఇక్కడే బోల్తా కొడతాయి. చెమటతో కలిసి పాడైన పాకంలా తేలతాయి. తలనొప్పి, వికారం వచ్చినా ఈ వేళకే బయటపడుతుంది. అలా అయితే దాని ఖరీదు ఎంతైనా జాబితాలోంచి కొట్టేయండి.

మీ ముక్కుని మాత్రమే నమ్మకండి. మన ఒంటి మీది వాసనకి మన ముక్కు తొందరగా అలవాటుపడిపోతుంది. ఇంట్లో ఎవరినైనా అడగండి, కానీ “ఎలా ఉంది?” అని కాదు. “ఏమైనా తెలుస్తోందా, ఎంత దూరం నుంచి?” అని అడగండి. మా ఇంట్లో అమ్మ తీర్పే ఆఖరు. వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డప్పుడే ఆవిడకి తెలిసిందంటే నేను ఎక్కువ కొట్టుకున్నట్టు.

గెలిచినదాన్ని మరో రోజు మళ్లీ పరీక్షించండి. ఈసారి మబ్బు పట్టిన రోజో, ఏసీలో ఉండే రోజో అయితే మంచిది. రెండు రోజులూ నచ్చితే అప్పుడు కొనండి, అదీ 10 లేదా 20 మిల్లీలీటర్ల చిన్న సీసా దొరికితే ముందు అది.

అత్తరుకీ ఇదే పద్ధతి, ఒక్క తేడాతో: గాజు పుల్లతో ఒక్క చుక్క చాలు, తీర్పుకి ఇంకా ఎక్కువసేపు ఆగాలి. రంజాన్ నెలలో మసీదుల దగ్గర పెట్టే బండ్ల మీద రకరకాలు ఓపిగ్గా చూపిస్తారు. నిమ్మజాతి నూనెలున్నవి పూసుకుని నేరుగా ఎండలోకి వెళ్లకండి. వాటిలో కొన్ని ఎండ తగిలితే చర్మం మీద నల్లమచ్చలు తెస్తాయి.

6. కొనేటప్పుడు అట్ట మీద చూడాల్సినవి

ఓడరేవు ఉన్న ఊరు కదా, “షిప్పులో వచ్చింది సార్, డ్యూటీ కట్టలేదు కాబట్టి సగం రేటు” అనే మాట ఎప్పుడో ఒకప్పుడు వింటారు. నేనూ విన్నాను, నమ్మాను, కొన్నాను. అట్ట అచ్చంగా అసలుదే. వాసన అరగంట కూడా లేదు, చొక్కా మీద పసుపు మచ్చ మాత్రం ఇప్పటికీ ఉంది.

- అట్ట మీద బ్యాచ్ నంబరూ సీసా అడుగున ఉన్నదీ ఒకటేనా?
- దిగుమతి సరుకైతే దిగుమతిదారు పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు, ఎమ్మార్పీ ఉన్నాయా?
- మన దేశంలో తయారైందైతే తయారీ లైసెన్సు నంబరు ఉందా?
- పై ప్లాస్టిక్ కవరు ముడతలు లేకుండా గట్టిగా ఉందా?
- తెరిచాక వెనక్కి తీసుకుంటారా? సాధారణంగా తీసుకోరు. అడిగి బిల్లు తీసుకోండి.

7. ఒంటికి పట్టించే వరుస

1. స్నానం అయ్యాక ఫ్యాను కింద పది నిమిషాలు ఆగండి. మన ఊళ్లో స్నానం చేసి బయటికొచ్చిన మొదటి చెమట ఆరేదాకా ఏదీ పూయొద్దు.
2. ఒళ్లు పొడిగా ఉండేవాళ్లు వాసన లేని మాయిశ్చరైజర్ కొద్దిగా రాసుకోండి. సెంటు దాని మీద ఎక్కువసేపు నిలుస్తుంది.
3. చంకల్లో డియో లేదా యాంటీపర్‌స్పిరెంట్. డియో చెమట వాసనని అదుపు చేస్తుంది, యాంటీపర్‌స్పిరెంట్‌లోని అల్యూమినియం లవణాలు చెమటనే తగ్గిస్తాయి. రెండోదాన్ని రాత్రి పడుకునే ముందు పొడి చర్మానికి రాస్తే బాగా పనిచేస్తుంది.
4. సెంటు: పగలు ఛాతీ మీద ఒకటి, మోచేతి మడతలో ఒకటి. ఏసీ గదిలో పదిమందితో కూర్చునే పనైతే ఒక్కటే.
5. చివర్లో చొక్కా.

హెల్మెట్ పెట్టుకునేవాళ్లు మెడ మీద, చెవుల వెనక కొట్టుకోకండి. వాసనంతా హెల్మెట్ స్పాంజిలో చేరి చెమటతో పులుస్తుంది, వారం తర్వాత దాన్ని తలకి పెట్టుకోవడమే శిక్ష. అలాగే సెంటు కొట్టుకున్న వెంటనే దీపం వెలిగించడం, స్టవ్ దగ్గరికి వెళ్లడం వద్దు. ఆల్కహాల్ అంటుకుంటుంది.

పౌడరు, ఆఫ్టర్‌షేవ్, తలనూనె వాసనలు కూడా లెక్కలోకి వస్తాయి. నిమ్మ సబ్బు, గంధం పౌడరు, మింట్ డియో, పైన పూల సెంటు అంటే నాలుగు బ్యాండు మేళాలు ఒకే వీధిలో ఎదురుపడ్డట్టు. వాసన ఉన్నవి రెండుకి మించకుండా చూసుకోండి.

8. ఎక్కడ తప్పుతారు, ఎలా సర్దుకోవాలి

*ఎక్కువ కొట్టుకున్నాను.* నీళ్లతో కడిగితే పోదు. దూదికి శానిటైజర్ అద్ది తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడగండి.

*మధ్యాహ్నానికి నాకేమీ తెలియడం లేదు.* మళ్లీ కొట్టుకునే ముందు ఒకరిని అడగండి. నిజంగానే పోయుంటే ముందు తడి కర్చీఫ్‌తో చెమట తుడిచి, ఆరాక ఒక్కసారి. చెమట మీద సెంటు కొడితే రెండూ కలిసి మూడో వాసన పుడుతుంది.

*పట్టు పంచె మీద మచ్చ పడింది.* పట్టు మీద నేరుగా కొట్టకూడదు. పెళ్లికి వెళ్తుంటే పంచె కట్టుకోకముందే ఒంటికి పూసుకోండి. తెల్ల చొక్కాలకైతే లోపలి కుట్టు దగ్గర ముందు పరీక్షించండి.

*చర్మం మండుతోంది.* కొత్తది ఏదైనా మోచేతి లోపల చిన్న చోట పూసి 24 గంటలు చూశాకే ఒళ్లంతా వాడాలి. మంట మొదలైతే కడిగేసి, తగ్గకపోతే చర్మ వైద్యుణ్ణి కలవండి. గీసుకున్న వెంటనే గడ్డం మీద సెంటు కొట్టుకోవడం చాలామందికి ఉన్న పాడు అలవాటు.

*కొన్న ఆరు నెలలకే వాసన మారిపోయింది.* సీసా ఎక్కడ పెట్టారు? బాత్రూమ్ అర, బండి డిక్కీ, కారు డాష్‌బోర్డు మూడూ చెడ్డ చోట్లే. వేడి, వెలుతురు, తేమ సెంటుకి శత్రువులు. అట్టపెట్టెతో సహా బీరువాలో, కిటికీకి దూరంగా పెట్టండి. సబ్బులు మాత్రం చొక్కాల మధ్య పెట్టొద్దు, రెండు నెలల్లో బట్టలన్నీ ఆ సబ్బు వాసనే వేస్తాయి.

*కొన్నది నప్పలేదు.* వేసవిలో నచ్చనిదాన్ని డిసెంబర్ దాకా పక్కన పెట్టి మళ్లీ చూడండి, కొన్ని అప్పుడు బాగుంటాయి. అప్పటికీ నచ్చకపోతే దూది మీద రెండు చుక్కలు వేసి చెప్పుల అరలో పెట్టండి. నా ఊద్ సీసా ప్రస్తుతం అదే పనిలో ఉంది.